పరీక్ష రోగమునకా, యోర్పునకా?

వైద్యము బాధను తొలగించుటకు పుట్టినది. ఆ వైద్యమే యొకానొకప్పుడు బాధ పెట్టక తప్పదు. తప్పని బాధను సహింపుమని రోగిని కోరుట న్యాయమే. కాని తప్పించుటకు వీలైన బాధను గూడ ‘ఓర్చుకొనుము’ అను నొక్కమాటతో రోగి నెత్తిన వేయుట న్యాయము కాదు. రొమ్ము క్యాన్సరును కనిపెట్టుటకు చేయు మామోగ్రఫీ యను ఎక్సురే పరీక్షయందు ఈ రెండు విధములైన బాధలును కలిసియున్నవి. వానిని వేఱుచేసి చూపుటయే మా యుద్దేశము. ఈ విషయమును బహిరంగముగ చర్చించుటకు స్త్రీలు సిగ్గుపడుదురు. పురుషులు ఇది తమకు సంబంధింపనిదని తలతురు. ఈ రెండు మౌనముల నడుమ నలుగుచున్నవారు మన తల్లులును, అక్కచెల్లెండ్రును.

వ్యాధి యెంత ఘోరమో మొదట చెప్పవలెను. 2022 సంవత్సరమున మన దేశమందు సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగ కనబడినదనియు, సుమారు 98,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారి యంచనా. భారత స్త్రీలకు వచ్చు క్యాన్సర్లలో నెల్ల నిదియే యగ్రస్థానమున నున్నది. వ్యాధి ముదిరిన పిమ్మట గాని మనవారు ఆసుపత్రి గడప త్రొక్కకుండుట ఇన్ని మరణములకు గల ముఖ్యకారణములలో నొకటి. కావున, పరీక్షకు వచ్చు స్త్రీని భయపెట్టి వెనుకకు మరలించునది యేదైనను దానిని చిన్న విషయమని త్రోసివేయరాదు.

పరీక్షావిధానము తెలియనిదే బాధ తెలియదు. స్త్రీని యంత్రము నెదుట నిలువబెట్టి, రొమ్మును క్రింది పలకపై నుంచి, పైనుండి పారదర్శకమగు మఱియొక పలకను దించి అదుముదురు. అట్లు కొన్ని క్షణములపాటు పట్టియుంచి చిత్రము తీయుదురు. ఒక్కొక్క రొమ్మునకు పైనుండి యొకటి, ఏటవాలుగ నొకటి, మొత్తము నాలుగు చిత్రములు తీయుట వాడుక. ఈ యదుముట యంత్రము నడుపువారి క్రౌర్యము కాదు. మందముగ నున్న భాగము పలుచబడినచో తక్కువ కిరణములతో పని జరుగును, కిరణములు చెదరి చిత్రము మసకబారుట తగ్గును, కదలిక యుండదు, ఒకదానిపై నొకటి పడియున్న పొరలు విడివడి, చిన్న గడ్డయు, సన్నని సున్నపు చుక్కలును బయటపడును. బెర్లిను నగరమున ఆల్బెర్టు సాలొమోను అను శస్త్రవైద్యుడు 1913 లో, కోసి తీసిన రొమ్ముల ఎక్సురే చిత్రములను పరిశీలించి యీ విద్యకు పునాది వేసెను. అదిమి చిత్రము తీయుటలోని ప్రయోజనమును గత శతాబ్దపు నడిమి కాలమున ఉరుగ్వే దేశపు వైద్యుడు రావుల్ లెబోర్నె చాటెను. కావున అదుముట మానుడని మేము చెప్పుటలేదు. ఎంత యదుమవలెను, ఎట్లదుమవలెను, ఎవరి యిష్టముతో నదుమవలెను అనునదియే ప్రశ్న.

ఈ బాధ అందఱికి నొక్కతీరుగ నుండదు. కొందఱికి ఒత్తిడి మాత్రమే తోచును. కొందఱికి కన్నీరు తిరుగును. ముందే రొమ్ములు సలుపుచున్న వారికిని, భయముచే దేహమంతయు బిగుసుకొనిన వారికిని బాధ హెచ్చు. నిమిషములో పోవు నొప్పికి ఇంత రాద్ధాంత మేల యనువారు ఒక్క సంగతి మఱచుచున్నారు. నియతకాలమున మరల మరల చేయించుకొనిన గాని ఫలము నీయని పరీక్ష యిది. మొదటిసారి నొచ్చుకొనిన స్త్రీ రెండవసారి రాకపోవచ్చును. తాము మరల రాకుండుటకు నొప్పియే కారణమని చెప్పిన స్త్రీలు పాశ్చాత్య దేశముల పరిశోధనలలో కనబడుచున్నారు. ఆమె ఇంటికి పోయి చెప్పిన మాట విని చెల్లెలు మానుకొనదా? పొరుగామె మానుకొనదా? నొప్పి యొక్క నిమిషమే; దాని కథ యేండ్ల తరబడి నిలుచును.

ఈ నొప్పిని తగ్గించు మార్గములు లేవా? కలవు. వానిలో మొదటిది మాట. కాక్రేన్ సంస్థ పక్షమున 2008 లో ప్రకటింపబడిన సమీక్షలో ఏడు పరిశోధనలను కలిపి పరిశీలించిరి. ఏమి జరుగబోవుచున్నదో, ఎందుకు అదుముదురో, ఎంతసేపు పట్టునో ముందుగ నోటితో గాని వ్రాతతో గాని తెలిపినచో బాధ తగ్గవచ్చునని తేలినది. అదుముటపై స్త్రీకే కొంత యధికార మిచ్చినచో బాధ తగ్గవచ్చుననియు తేలినది. పలకపై మెత్త లుంచినచో బాధ తగ్గినది గాని, కొలదిమందికి చిత్రము చెడినది. ముందుగ పారాసెటమాలు మాత్ర మ్రింగించుటవలన మాత్రము ప్రయోజనము కనబడలేదు. లిడోకెయిను కలిసిన లేపనమును చర్మముపై పూసినచో బాధ తగ్గినదని అమెరికాలో మఱియొక పరిశోధన తెలిపినది. చూడుడు! మాత్ర చేయలేని పనిని మంచిమాట చేయుచున్నది.

స్త్రీ చేతికి అధికార మిచ్చిన చిత్రము చెడదా యని సందేహింపవచ్చును. ఫ్రాన్సు దేశపు వైద్యులు 2019 లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము. అందు ఉద్యోగిని రొమ్మును సరిగ నమర్చిన పిమ్మట పలకను బిగించు పనిని స్త్రీలకే యప్పగించిరి. వారు తక్కువగ నదిమికొనలేదు, చిత్రములు చెడలేదు, నొప్పి మాత్రము తగ్గినది. తన చేతిలో కళ్లెమున్నవానికి గుఱ్ఱపు వేగము భయము గొలుపదు. స్వాధీనములో నున్న బాధకును, పరాధీనములో ననుభవించు బాధకును గల భేదమును మన ప్రజకు వేఱుగ బోధింపవలెనా?

రెండవది కొలత. అందఱికి నొకే బలముతో అదుముట సమానత్వమువలె కనబడును గాని సమానత్వము కాదు. అంతే బలము చిన్న రొమ్ముపై తక్కువ వైశాల్యమున పడుటచే ఒత్తిడి యెన్నియో రెట్లు హెచ్చును. కావున బలమును గాక ఒత్తిడిని కొలిచి, సుమారు 10 కిలోపాస్కలుల యొద్ద నిలుపవలెనని నెదర్లాండ్సు దేశపు పరిశోధకులు ప్రతిపాదించిరి. అది 75 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడికి సమానము. రక్తపు పోటును కొలుచునపుడు వైద్యులు చెప్పు క్రింది యంకెకు దాపు.

మన దేశములో యంత్రములే చాలకుండ ఈ సౌకుమార్యమేల యని యొకరు అడుగవచ్చును. నిజమే. బ్రిటనులో 50 ఏండ్లు మొదలు 71 నిండువరకు స్త్రీలను మూడేండ్ల కొకసారి పరీక్షకు పిలుతురు. మన కట్టి యేర్పాటు లేదు. మన కేంద్ర ప్రభుత్వము 2016 లో వెలువరించిన నిబంధనలు 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్ల కొకసారి చేతితో చేయు పరీక్షనే విధించినవి. ఆ చేతిపరీక్ష వ్యర్థము కాదు. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రివారు ఒకటిన్నర లక్షలమంది స్త్రీలతో ఇరువదేండ్లు సాగించి, 2021 లో ప్రకటించిన పరిశోధనలో, 50 ఏండ్లు దాటినవారియందు మరణములు దాదాపు నూటికి ముప్పది పాళ్లు తగ్గినవి. అందుచేత మన యెక్సురే గదులకు వచ్చువారిలో పెక్కుమంది ఆరోగ్యవతులు కారు. చేతికి గడ్డ తగిలి, గుండె దడదడలాడుచు వచ్చినవారు. భయపడిన దేహమునకు నొప్పి హెచ్చని పైన చెప్పితిమి. ఇక యంత్రములు తక్కువయను వాదము మా పక్షమునకే సాక్ష్యము. ముందుగ నాలుగు మాటలు చెప్పుటకు ఏ విదేశమునుండి యంత్రము తెప్పింపవలెను? ఎన్ని లక్షలు వెచ్చింపవలెను?

కావున మా కోరికలు స్వల్పములు. హైదరాబాదులోని ఎం. ఎన్. జె. క్యాన్సరు ఆసుపత్రి మొదలుకొని జిల్లాలలోని ప్రతి పరీక్షాశాల వఱకు, పరీక్షావిధానమును తేటతెలుగున వ్రాసి గోడపై నంటింపవలెను. చదువురాని వారికి చదివి వినిపింపవలెను. యంత్రము నడుపువారు స్త్రీలై యుండవలెను. ‘ఆపుము’ అని రోగి యన్న వెంటనే ఆపుదుమని ముందే మాట యీయవలెను. తొందరలేని పరీక్షను బహిష్టు ముగిసిన మరుసటి వారమునకు నిర్ణయింపవలెను. అప్పుడు సలుపు తక్కువ. చిత్రము తీసిన వెంటనే పలకను సడలింపవలెను. రవిక తీసిన స్త్రీకి కప్పుకొనుటకు వస్త్రమును, తెరచాటును కల్పింపవలెను. సూదితో ముక్క తీసి పరీక్షింపవలసి వచ్చినచో తిమ్మిరి మందు ఇచ్చి, అది పట్టువఱకు ఆగవలెను. వీనిలో నేది ప్రభుత్వమునకు భారము?

ఈ పత్రిక చదువు పురుషులకును ఒక మాట. మీ యింటి యిల్లాలు రొమ్ములో గడ్డ యున్నదని చెప్పినచో, పండుగ కానిమ్ము, పెండ్లి కానిమ్ము అని వాయిదా వేయకుడు. పరీక్షాశాలకు తోడు పొండు. నొప్పి యుండవచ్చునని దాచక చెప్పుడు. అది క్షణికమనియు, ఎందుకో తెలిసిన నొప్పి సగమనియు చెప్పుడు.

ఓర్పు మన స్త్రీలకు భూషణమని పొగడి, ఆ పొగడ్త చాటున వారి బాధను లెక్కింపకుండుట మనకు పరిపాటి యైనది. పరీక్షింపవలసినది రోగమును, స్త్రీల యోర్పును గాదు. అది ఇదివరకే చాలినంత పరీక్షింపబడినది.