పసిబిడ్డ చర్మమూ, అమ్మమ్మ సున్నిపిండీ

కూతురి పురిటికి అమెరికా చేరే అమ్మమ్మ పెట్టెలో ఆవకాయతోపాటు సున్నిపిండి పొట్లం కూడా ఉంటుంది. నూనె పట్టించి, నలుగు పెట్టి, వేడినీళ్ళు కుమ్మరిస్తేనేగాని బిడ్డకు స్నానమైనట్లు కాదు. గోదావరి తీరపు ఉక్కలో, ఆరోగ్యంగా ఉన్న చర్మానికి ఈ పద్ధతి చెల్లింది. ఎగ్జిమా ఉన్న బిడ్డకు, అందునా హీటర్లు గది గాలిని పొడిబార్చే శీతకాలంలో, ఆ పిండిని మానివేయడమే మేలు.

చర్మపు పైపొరను ఇటుకల గోడతో పోల్చవచ్చును. కణాలు ఇటుకలు, వాటి నడుమ ఉండే సెరమైడులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నం. ఈ గోడకు గట్టితనాన్నిచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రోటీను జన్యువులో లోపమున్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం హెచ్చని 2006లో డండీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. గోడ బీటలువారితే లోపలి నీరు వెలుపలికి పోతుంది. వెలుపలి ప్రోటీనులు లోపలికి చొరబడతాయి. శనగపిండి, పెసరపిండి ప్రోటీనుల రాశులే కదా! నోటిద్వారా వచ్చిన ఆహారాన్ని శరీరం సాధారణంగా మిత్రునిగా స్వీకరిస్తుంది. పగిలిన చర్మం గుండా వచ్చినదానిని శత్రువుగా గుర్తుపెట్టుకొనే ప్రమాదమున్నది. జపానులో గోధుమ ప్రోటీను కలిపిన ముఖం సబ్బు వాడి రెండువేలమందికి పైగా గోధుమ ఎలర్జీకి గురి కాగా, 2011లో ఆ సబ్బును అంగళ్ళనుండి వెనక్కు రప్పించవలసి వచ్చింది. నువ్వులు కూడా ఎలర్జీ కలిగించగల గింజలే. కనుక నువ్వులనూనెకన్న వాసనలేని పెట్రోలియం జెల్లీ నయం. గోరువెచ్చని నీటితో క్లుప్తంగా స్నానం చేయించి, ఒళ్ళు తడి ఆరకమునుపే దానిని రాయాలి. రుద్దకూడదు. అంత మెత్తగా రాయడానికి అమ్మమ్మ చేతులకన్న మంచివి దొరకవు.

ఇక స్టిరాయిడ్ భయం. ఆ పేరు వినగానే ట్యూబును అలమరలో దాచే తల్లులు అనేకులు. రాత్రంతా గోక్కొని, నెత్తురు వచ్చి, చీము పట్టే బిడ్డకు ఆ జాగ్రత్త మేలు చేయదు. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే ఆ లేపనం సురక్షితమే. ఇండియానుండి తెచ్చిన, పేరు తెలియని మిశ్రమ లేపనాల సంగతి వేరు. పైగా తామర అనే మాటను ఎగ్జిమాకూ, ఫంగస్ మచ్చకూ కూడా వాడడం తెలుగువారి అలవాటు. ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు.

చామనచాయ చర్మంమీద ఎగ్జిమా ఎర్రగా కనిపించక, గోధుమ లేదా బూడిద రంగులో ఉండవచ్చును. ఎరుపుకోసం వెతికే వైద్యునికి ఆ సంగతి తల్లిదండ్రులే గుర్తుచేయాలి.