రింగు రోడ్డు నివేదికలో నీళ్ల లెక్క ఏది?

ప్రాంతీయ రింగు రోడ్డు మాట వస్తే ఊళ్లలో చర్చ రెండు ప్రశ్నల దగ్గరే ఆగుతోంది: ఎవరి సర్వే నంబరు పోతోంది, ఎకరాకు ఎంత ఇస్తారు? భూమి పోయేవాళ్లకు ఇవి బతుకు ప్రశ్నలే. పరిహారం విషయంలో మన సంఘం వైఖరిలో మార్పేమీ లేదు. కానీ గుంట భూమి కూడా పోని రైతులు ‘మనకేం కాదులే’ అనుకుంటున్నారు. వాళ్లను ఉద్దేశించే ఈ నెల ఈ నాలుగు మాటలు.

హైదరాబాద్ చుట్టూ, ఔటర్ రింగు రోడ్డుకు ఆవల, సుమారు 340 కిలోమీటర్ల రోడ్డు ఇది. సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా ఉత్తర భాగం. అక్కడి నుంచి ఆమనగల్, చేవెళ్ల మీదుగా మళ్లీ సంగారెడ్డికి దక్షిణ భాగం. వెడల్పు 100 మీటర్లు, అంటే కిలోమీటరుకు దాదాపు 25 ఎకరాలు. భూసేకరణ లెక్క ఇక్కడితో అయిపోతుంది. కానీ ఈ రోడ్డు చేలతో సమానంగా నేల మీద పరుచుకుని ఉండదు. ఎత్తైన మట్టికట్ట మీద పోతుంది. మనుషులకు అది రోడ్డు, వాన నీటికి మాత్రం అడ్డుకట్ట.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. ఆ నీళ్లు నడిచే దారి వాగు కావచ్చు, కట్టుకాలువ కావచ్చు, పేరైనా లేని ఒర్రె కావచ్చు. పేరున్న వాగు పటంలో ఉంటుంది కాబట్టి దానికి వంతెన కడతారు. మూడడుగుల కట్టుకాలువ సర్వే పటంలో లేకపోతే? రోడ్డు కట్టకు పై వైపు పొలాల్లో వానాకాలమంతా నీళ్లు నిలిచి పత్తి, కంది కుళ్లిపోతాయి. కింది వైపు చెరువు నిండదు, దాని కింద బావులూ బోర్లూ అడుగంటుతాయి. ఈ రెండు వైపుల రైతుల్లో ఎవరి భూమీ సేకరణ జాబితాలో ఉండదు కనుక ఎవరికీ పైసా రాదు. మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులను బాగుచేస్తామని ఇదే రాష్ట్రంలో ప్రజాధనం ఖర్చు పెట్టారు. పూడిక తీసిన చెరువుకు నీటి దారి మూసేస్తే ఆ ఖర్చుకు అర్థమేమిటి?

కొత్త జాతీయ రహదారికి 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక తయారు కావాలి, ముందస్తు అనుమతి తీసుకోవాలి. (ఉన్న రహదారి విస్తరణ అయితే 2013 సవరణ తర్వాత 100 కిలోమీటర్లు దాటితేనే, అదీ అదనపు వెడల్పు పరిమితి మించితేనే. అందుకే పెద్ద విస్తరణ పనులను ముక్కలుగా చూపడం మీద ఓ కన్నేసి ఉంచాలి.) అయితే ఈ నివేదికలకు సాధారణంగా ఒక్క కాలపు కొలతలు సరిపోతాయంటారు, అది కూడా వానాకాలం కానిది. ఎండిన ఒర్రెను చూసి వెళ్లిన కన్సల్టెంటుకు అది నీటి దారి అని ఎలా తెలుస్తుంది? అడవిలో పోయే చెట్లను లెక్కపెట్టడానికి ఒక శాఖ ఉంది. కట్టుకాలువలను లెక్కపెట్టేవాళ్లే లేరు. ఊరి నీరటిని అడిగితే ఒక్క పూటలో అన్నీ చూపిస్తాడు, కానీ అతన్ని ఎవరూ అడగరు.

2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ మదింపు ఉంది కదా అని కొందరు అడుగుతున్నారు. జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూమికి అది వర్తించదు. 2015లో పరిహారం, పునరావాసం నిబంధనలను మాత్రమే దానికి వర్తింపజేశారు. రహదారుల చట్టంలో అభ్యంతరానికి ఇచ్చే గడువు 21 రోజులు, అదీ భూమిలో హక్కు ఉన్నవాళ్లకే. భూమి పోకుండా నీళ్లు పోయే రైతు నోరు తెరవగలిగిన ఒకే ఒక్క చోటు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ.

మట్టి సంగతి కూడా చూడాలి. అంత ఎత్తు కట్టకు మొరం ఎక్కడి నుంచి వస్తుంది? చుట్టుపక్కల గుట్టలు, శిఖం భూముల నుంచే. రోడ్ల వంటి పనులకు మట్టి తవ్వుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020 మార్చిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మీ గుట్ట దగ్గర టిప్పర్లు కనబడితే అనుమతి పత్రం చూపమని అడగండి.

దక్షిణ భాగం గ్రామాల్లో సంఘం కమిటీలు ఇప్పుడే పని మొదలుపెట్టాలి. ప్రజాభిప్రాయ సేకరణను కాలుష్య నియంత్రణ మండలి జిల్లాల వారీగా జరపాలి. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో అందుబాటులో ఉంచాలి. పూర్తి నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో ఉండేది సారాంశమే. చదువుకున్న పిల్లలను కూర్చోబెట్టి మీ ఊరి పేరున్న పేజీలు చదివించండి. ఈ వానాకాలంలోనే, నీళ్లు పారుతుండగా, ప్రతి ఒర్రె దగ్గరా సర్వే నంబరు కనబడేలా ఫొటో తీయండి. గ్రామ పటం మీద ఎర్ర పెన్నుతో గీసి, ఎక్కడ కల్వర్టు కావాలో, ఎంత వెడల్పు కావాలో రాయండి. పశువులు, ట్రాక్టర్లు రోడ్డు దాటే చోట్లు కూడా అందులో చేర్చండి. రెండు పక్కలా కంచె పడ్డాక అవతలి చేనుకు పోవడానికి ఎన్ని కిలోమీటర్లు తిరగాలో ఆలోచించండి. సభలో అరిచి వచ్చేస్తే చాలదు. రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సభలో చెప్పినవన్నీ రాసి, చివర తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. వినిపించేదాకా కదలవద్దు.

ఉత్తర భాగంలో పనులు ముందున్నాయి. అక్కడి రైతులు అనుమతి షరతులు అడిగి తీసుకోవాలి. అనుమతి పొందినవాళ్లు ఏటా జూన్ 1, డిసెంబర్ 1 తేదీలకు షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. అనుమతి మీద అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా గడువు ఇస్తారు. ఎర్ర గీతల పటం, రసీదు ఉన్న వినతిపత్రం ప్రతి ఒకటి సంఘం జిల్లా కార్యాలయానికి కూడా పంపండి.