నీరు, తీపి, గుట్కా: సరిహద్దు పిల్లల పళ్ళకు మూడు గండాలు

పిల్లలకు జ్వరం వస్తే ఆసుపత్రికి పరుగెత్తే కుటుంబాలు సైతం పంటినొప్పి వస్తే లవంగంతో సరిపెట్టుకుంటాయి. ప్రభుత్వాల తీరు కూడా అంతకు భిన్నంగా ఏమీ లేదు. పిల్లల దంత ఆరోగ్యంపై నేటికీ తరచుగా ఉదహరించే జాతీయ లెక్కలు 2002-03 నాటివి. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జరిపిన ఆ సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో 51.9 శాతం, పన్నెండేళ్ళ వారిలో 53.8 శాతం, పదిహేనేళ్ళ వారిలో 63.1 శాతం మందికి పుచ్చుపళ్ళు ఉన్నట్లు తేలింది. ప్రపంచవ్యాప్తంగా 51 కోట్ల 40 లక్షల మంది పిల్లలకు పాలపళ్ళు పుచ్చి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి నివేదికలో అంచనా వేసింది.

పావగడ, బాగేపల్లి, హోసూరు, పర్లాకిమిడి, రాయగడ, సిరొంచ ప్రాంతాల్లోని తెలుగు పల్లెల్లో ఈ సమస్య మరింత చిక్కుపడి ఉన్నది. ఇక్కడ పిల్లల నోటికి పొంచి ఉన్న ముప్పు ఒకటి కాదు. పుట్టినది మొదలు ఎనిమిదేళ్ళ వరకు నీటి గండం, పళ్ళు మొలిచిన నాటి నుంచి తీపి గండం, పదేళ్ళు నిండకముందే మొదలయ్యే పొగాకు గండం. దేని కారణం దానిది, దేని మందు దానిది. మూడింటినీ ఒకే గాటన కట్టి ‘పళ్ళు సరిగా తోముకోవాలి’ అన్న ఒక్క ఉపదేశంతో ముగించడం వల్లనే పనులు జరగడం లేదు. పైగా ప్రతి మందూ ఏదో ఒక రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నందున, సరిహద్దు గీత వద్దకు వచ్చేసరికి అది ఆగిపోతున్నది.

నీటి గండం

భారతదేశంలో ఫ్లోరైడ్ వ్యాధి తొలిసారి శాస్త్రీయంగా నమోదైనది తెలుగు నేల మీదనే. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో 1937లో పరిశోధకులు దీనిని గుర్తించారు. నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పటిక, సున్నం విధానం ‘నల్గొండ పద్ధతి’గా పేరు పొందింది. ఇంత చరిత్ర ఉన్నా ఈ వ్యాధి పిల్లల పళ్ళపై ఎట్లా పనిచేస్తుందో పల్లెల్లో తెలిసినవారు తక్కువే.

శాశ్వత దంతాలపై ఉండే ఎనామిల్ అనే గట్టి పొర చిగురు లోపల ఉండగానే తయారవుతుంది. ముందుపళ్ళ విషయంలో ఈ నిర్మాణం పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ వరకు సాగుతుంది. ఆ కాలంలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీరు తాగితే ఆ పొర లోపభూయిష్టంగా ఏర్పడుతుంది. పన్ను మొలిచేసరికి సుద్ద గీసినట్లు తెల్లని చారలు, తరువాత పసుపు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. ఇది పైన పట్టిన గార కాదు. గారను దంత వైద్యుడు గీకి తీయగలడు. ఫ్లోరైడ్ మచ్చ పన్నులోనే ఉన్నది. ఇటుకపొడితోను, బొగ్గుతోను రుద్దిన కొద్దీ మచ్చ పోదు సరికదా, ఉన్న పొర అరిగిపోతుంది. నలుగురిలో నవ్వడానికి సంకోచించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలను శుభ్రత లేనివారని నిందించడం అందుకే అన్యాయం.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. వేరే ఆధారం లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. నీరు కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. వడపోత కుండల వల్ల కూడా ఉపయోగం లేదు. ఆర్.ఓ. యంత్రం, లేదా నది నీరు, వాన నీరు శరణ్యం.

తమిళనాడు ఈ మార్గంలో పెద్ద అడుగే వేసింది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీరు తెచ్చే హొగెనకల్ పథకం జపాన్ రుణంతో చేపట్టినది; దాని పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ ఉన్నది. 2008లో కర్ణాటక అభ్యంతరాలతో ఇరువైపులా ఆందోళనలు చెలరేగాయి. చివరకు 2013లో పథకం ప్రారంభమైంది. ఆ వాదోపవాదాల్లో నదీజలాల హక్కు గురించి వినిపించినంతగా పిల్లల పళ్ళ గురించి, ఎముకల గురించి వినిపించలేదు. గొట్టం ఒక రాష్ట్రపు హద్దు వద్ద ఆగుతుంది. భూగర్భంలోని రాయి, అందులోని ఫ్లోరైడ్ ఆగవు. అవతలి పల్లె బోరుబావిలో ఊరేది కూడా అదే రాతి నీరు.

జలజీవన్ మిషన్ 2019లో మొదలైన తరువాత ఊరూరా కుళాయిల మాట వినిపిస్తున్నది. ఈ పథకం కింద ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్న నియమం ఉన్నది. కుళాయి వచ్చిందా అని అడిగే గ్రామస్థులు అందులో ఏ నీరు వస్తున్నదని కూడా అడగాలి. బోరు నీటినే కుళాయికి మళ్ళిస్తే శ్రమ తగ్గుతుందే తప్ప మచ్చ తగ్గదు.

తీపి గండం

ఫ్లోరైడ్ మచ్చ చూసి భయపడే ఇంట్లోనే పుచ్చుపన్నును చూసీ చూడనట్లు వదిలేస్తారు. ‘పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి’ అన్నది అందరూ చెప్పే మాట. కాని పాలపన్ను తన కింద రాబోయే పన్నుకు చోటు కాపాడుతుంది. అది పుచ్చి ముందుగానే ఊడితే పక్కపళ్ళు ఆ చోటులోకి జరిగి, కొత్త పన్ను వంకరగా మొలుస్తుంది.

అంతకంటే పెద్ద పొరపాటు ఆరేళ్ళ వయసులో జరుగుతున్నది. ఆ వయసులో పాలపళ్ళ వరుసకు వెనుకగా మొదటి శాశ్వత దవడ పన్ను మొలుస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు. అందువల్ల అది కూడా పాలపన్నే అనుకుంటారు. అది పుచ్చితే మళ్ళీ రాదన్న సంగతి తెలిసేసరికి పన్ను పీకించవలసిన స్థితి వస్తుంది. జీవితాంతం నమలవలసిన పన్ను పదో ఏటనే పోతుంది.

పుచ్చుకు కారణం తీపి ఎంత తిన్నారన్నది మాత్రమే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నది కూడా. తీపి తగిలిన ప్రతిసారీ నోటిలోని సూక్ష్మక్రిములు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. దాదాపు అరగంట సేపు అది పన్నును కరిగిస్తుంది. ఆ తరువాత ఉమ్మి ఆ నష్టాన్ని మెల్లగా పూడుస్తుంది. పండుగనాడు భోజనంతో పాటు తిన్న రెండు బొబ్బట్లకంటే, పొద్దుటి నుంచి సాయంత్రం వరకు అంగడికి వెళ్ళినప్పుడల్లా చప్పరించే చాక్లెట్లు, టీలో ముంచిన బిస్కెట్లు ఎక్కువ హాని చేస్తాయి. నిద్రలో ఉమ్మి తగ్గుతుంది కనుక పాలసీసా నోట్లో పెట్టుకొని పడుకునే పసివాడి ముందుపళ్ళు మొదట పోతాయి. పగలు ఒకసారి తోమి, రాత్రి తోమకుండా పడుకోవడం సగం పనే.

పాఠశాల గేటు నుంచి 50 మీటర్ల లోపు చక్కెర, ఉప్పు, కొవ్వు అధికంగా ఉన్న తినుబండారాలు అమ్మరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. చక్కెర గురించి హెచ్చరించే బోర్డులు పెట్టాలని 2025లో సీబీఎస్‌ఈ తన పాఠశాలలను ఆదేశించింది. సరిహద్దు పల్లెల పిల్లల్లో అధికులు చదివేది రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో. ఆ బోర్డు వారి కంట పడదు.

పేస్టు విషయంలో ఒక సందేహం తీరవలసి ఉన్నది. ఫ్లోరైడ్ వల్లనే పళ్ళు పాడవుతుంటే ఫ్లోరైడ్ పేస్టు ఎందుకని ఈ ప్రాంతపు తల్లిదండ్రులు అడగడం సహజం. ఒక లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని ఒక లీటరు తాగిన పిల్లవాడి కడుపులోకి 3 మిల్లీగ్రాములు పోతుంది. వెయ్యి పీపీఎం పేస్టు బఠాణి గింజంత, అంటే పావు గ్రాము తీసుకొని మొత్తం మింగినా పోయేది పావు మిల్లీగ్రామే. ఉమ్మేస్తే ఇంకా తక్కువ. నీరు లోపలికి పోయి తయారవుతున్న పన్నును చెడగొడుతుంది. పేస్టు పైపైన ఉండి మొలిచిన పన్నును పుచ్చు నుంచి కాపాడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చడానికి కారణం ఇదే. అయితే ఉమ్మడం రాని పసివారి విషయంలో జాగ్రత్త అవసరం. మూడేళ్ళ లోపు వారికి బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణి గింజంత మించరాదు. ఫ్లోరైడ్ నీరున్న ఊళ్ళలో ఈ వయసు పిల్లలకు పేస్టు విషయం దంత వైద్యుని అడిగి నిర్ణయించుకోవడం మంచిది. పెద్దవారు దగ్గరుండి తోమించడం మాత్రం అన్ని ఊళ్ళలోనూ తప్పనిసరి.

గుట్కా గండం

కౌమారంలోకి వచ్చేసరికి మూడో గండం ఎదురవుతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన 2019 నాటి యువత పొగాకు సర్వే ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. నమిలే పొగాకు వాడేవారిలో 52 శాతం మంది పదేళ్ళు నిండకముందే దానిని మొదలుపెట్టినవారు. ఇది హైస్కూలు సమస్య అనుకోవడం పొరపాటు. అయిదో తరగతి లోపలే విత్తనం పడుతున్నది.

దీని రూపం ఎల్లను బట్టి మారుతుంది. ఒడిషా వైపు పొగాకు, బెల్లం కలిపిన గుడాకును పళ్ళకు రుద్దుకునే అలవాటు ఉన్నది. పండ్లపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని 1992లోనే నిషేధించినా, గుడాకు పొగాకు వస్తువుగానే అంగళ్ళలో దొరుకుతున్నది. పెద్దలు రుద్దుకుంటుంటే పిల్లలకు అది పళ్ళు తోముకోవడంగానే కనిపిస్తుంది. గడ్చిరోలి వైపు వక్క, పొగాకు, సున్నం కలిపిన ఖర్రా సాధారణం. వక్క ఒక్కటే అయినా క్షేమం కాదు. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. వక్క నమిలేవారిలో బుగ్గల లోపలి పొర బిగుసుకొని నోరు తెరుచుకోవడం క్రమంగా తగ్గుతుంది. పిల్లవాడు తన మూడు వేళ్ళను నిలువుగా నోట్లో పెట్టుకోలేకపోయినా, కారం తగిలితే మంటతో విలవిలలాడినా వెంటనే వైద్యునికి చూపించాలి.

చట్టాలకు లోటు లేదు. 2003 నాటి పొగాకు చట్టం 18 ఏళ్ళ లోపు వారికి అమ్మకాన్ని, విద్యాసంస్థలకు వంద గజాల లోపు అమ్మకాన్ని నిషేధించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు కఠిన జైలు శిక్ష పడవచ్చు. 2012, 2013 సంవత్సరాల్లో గుట్కాను రాష్ట్రాలు వరుసగా నిషేధించాయి. అయితే ఆ ఉత్తర్వులను రాష్ట్రాలు విడివిడిగా, ఏడాదికొకసారి పొడిగించుకోవాలి. తమిళనాడు ఉత్తర్వును 2023 జనవరిలో మద్రాసు హైకోర్టు కొట్టివేయగా, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. కర్ణాటక 2025లో పొగాకు కొనే కనీస వయసును 21 ఏళ్ళకు పెంచింది. ఆంధ్ర వైపు అది 18 ఏళ్ళే. వీధికి అటు ఒక చట్టం, ఇటు ఒక చట్టం ఉన్నచోట కుర్రవాడు చేయవలసిందల్లా రోడ్డు దాటడమే.

గీత దగ్గర తెగుతున్న దారం

పిల్లల ఆరోగ్య పరీక్షలకు 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉన్నది. దీని బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి రావాలి. పుచ్చుపళ్ళు కూడా అది చూసే సమస్యల్లో ఒకటి. బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, నర్సు, ఫార్మసిస్టు ఉంటారు. దంత వైద్యుడు ఉండడు. అనుమానం ఉన్న పిల్లలను పై ఆసుపత్రికి పంపడం వారి విధి.

చిక్కు ఆ తరువాతనే. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర నేల. తుమకూరు జిల్లా కేంద్రం సుమారు వంద కిలోమీటర్ల దూరం. మడకశిర, పెనుకొండ దానికంటే ఎంతో దగ్గర. కాని చీటీ తుమకూరుకే. కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని, పంటినొప్పి కోసం అంత దూరం ఏ కుటుంబం పోగలదు? ఒక రాష్ట్రంలో ఉంటూ మరో రాష్ట్రపు బడిలో చదివే పిల్లల పరిస్థితి మరీ అయోమయం. వారిని పరీక్షించేది ఒక ప్రభుత్వం. వారి రేషన్ కార్డు, ఆరోగ్య పథకం మరో ప్రభుత్వానివి. జాగ్రత్తలు చెప్పే కరపత్రం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో వస్తే తెలుగు మాత్రమే చదవగల తల్లికి అది ఉత్త కాగితమే.

ఇందుకు కొత్త పథకాలు, వేల కోట్లు అవసరం లేదు. ఇరుగుపొరుగు జిల్లాల కలెక్టర్లు శాంతిభద్రతల కోసం కలిసి కూర్చుంటారు. పిల్లల నోటి ఆరోగ్యం కోసం కూడా ఒకసారి కూర్చుంటే చాలు. ఒక రాష్ట్రపు బడిలో ఇచ్చిన చీటీని దగ్గరి ఆసుపత్రి ఏ రాష్ట్రానిదైనా గౌరవించాలి. ఇరువైపుల బోరుబావుల ఫ్లోరైడ్ లెక్కలను అంగన్‌వాడీ గోడ మీద తెలుగులోనూ రాయించాలి. బడి చుట్టూ ఉన్న అంగళ్ళను ఇరువైపుల అధికారులు ఒకే రోజున తనిఖీ చేయాలి.

గ్రామసభలు ఈ మూడు కోరికలను తీర్మానాలుగా చేసి ఇరు జిల్లాల కార్యాలయాలకు పంపవచ్చు. అంతవరకు ఇంటి చేతిలో ఉన్న పని ఇంట్లో జరగాలి. పసివారు తాగే నీరు ఎక్కడిదో తెలుసుకోవడం, రాత్రి పడుకోబోయే ముందు దగ్గరుండి పళ్ళు తోమించడం, ఆరో ఏట వెనుక మొలిచిన దవడ పన్నును గుర్తించి కాపాడడం, వక్క పొట్లం కోసం పిల్లలను అంగడికి పంపకపోవడం. ఈ నాలుగింటికీ ఏ రాష్ట్రపు అనుమతీ అక్కర లేదు.