ఎయిర్ రైఫిల్ కొనుటకు ముందు ఒక్క మాట

కాయ పట్టిన వేరుసెనగను పందికొక్కులు బొరియలలోనికి లాగుకొనిపోవుచుండగా, మంచి ఎయిర్ రైఫిల్ ఒకటి కొందమా అని వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల జిల్లాల రైతు ఆలోచించుట సహజమే. తుపాకీ వలదని నేననను. దాని చోటు ఇల్లు గాని, చేను కాదని మాత్రము చెప్పదలచితిని.

ధాన్యపు గదిలో, పశువుల కొట్టములో విషపుటెర పెట్టుటకు మనసొప్పదు. గింజలు, కోళ్లు, పిల్లలు అక్కడనే యుందురు. అట్టిచోట బోనుకు చిక్కని ఎలుకకు నాణ్యమైన ఎయిర్ రైఫిల్ పనికివచ్చును. గురి తప్పు నాసిరకము కొన్నచో ఎలుక గాయపడి గాదె క్రింద చచ్చి కుళ్లును. సీసపు గుండు బండపై తగిలి ఎగిరివచ్చి కన్ను తీయగలదు. కావున వెనుక మట్టిగోడ యున్నగాని పేల్చరాదు. పని తీరిన పిమ్మట తుపాకీని పెట్టెలో తాళము వేసి ఉంచవలెను.

చట్టము కూడ తెలిసియుండవలెను. 2016 ఆయుధ నియమముల ప్రకారము 4.5 మిల్లీమీటర్లకు మించిన గొట్టము గాని, 20 జౌళ్లకు మించిన శక్తి గాని గల ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కావలెను. జొన్న కంకులపై వ్రాలు రామచిలుకను, చేలలో తిరుగు నెమలిని కొట్టుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. చిలుకలకు మెరుపు రిబ్బన్లు కట్టుడు. అడవిపందికి ఈ గుండు గాయము చేయునే గాని ప్రాణము తీయదు; దాని విషయములో అటవీశాఖ అనుమతి లేనిదే ఏ ఆయుధమును ఎత్తరాదు.

ఇక చేను సంగతి. ఎలుక రాత్రివేళ తిరుగును, పగలు బొరియలో దాగును. గర్భము మూడు వారములే. ఈతకు ఆరేడు పిల్లలు. ఒక రైతు రాత్రంతా కాపు కాసి నాలుగింటిని కొట్టినను, ప్రక్క పొలము గట్టునుండి పది వచ్చును. ఊరంతయు ఒక్కటై చేసిన పనియే నిలుచును.

విత్తుటకు ముందే గట్లు చెక్కి శుభ్రపరచుడు. ఒకనాటి సాయంత్రము బొరియలన్నియు మూయుడు. మరునాడు తెరచుకొన్నవే ఎలుకలున్న బొరియలు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంటనూనె, 2 పాళ్లు బ్రోమాడయొలోన్ మందు కలిపి, 15 గ్రాముల పొట్లములుగా కట్టి బొరియకొకటి లోపలికి వేయుడు. చేతితొడుగులు లేనిదే మందు ముట్టరాదు. పిల్లలను, పశువులను దూరముగా ఉంచుడు. చచ్చిన ఎలుకలను, మిగిలిన ఎరను లోతుగా పాతిపెట్టుడు. రాత్రివేళ ఎలుకలను వేటాడు గుడ్లగూబను అపశకునమని తరుమకుడు. కూలి అడుగని కావలివాడు అది.

ఒక్క రైఫిల్‌కగు సొమ్ముతో అనేక పొలములకు ఎర సమకూరును. పంచాయతీ పెద్దలును, వ్యవసాయ విస్తరణాధికారియు రైతువేదికలో కూర్చుండి ఒక దినము నిర్ణయించిన చాలును. తుపాకీ గురి ఒక్క ఎలుకపైననే; ఊరి కట్టుబాటు గురి ఎలుకల సంతతిపైన. రైతు సోదరులారా, ముందు కట్టుబాటు, పిమ్మటనే తుపాకీ.