కొమ్ములు లేనంత మాత్రాన కొట్టొచ్చా?

జింకను బొమ్మలో చూస్తే "అయ్యో, నోరులేని జీవం" అంటారు. అదే జింక మాంసం రాత్రిపూట సంచిలో ఇంటికొస్తే తలుపులు మూసుకొని వండుతారు. మన ధర్మపురి జిల్లాలో అడవి పక్కన ఊళ్లవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పెద్దలకు కోపం వచ్చినా సరే, ఇది తప్పని నేను గట్టిగా చెబుతున్నాను.

"ఆడ జింకే కదరా, కొమ్ములు కూడా లేవు, ఒకటి పోతే ఏమవుతుంది?" అని నాకు మామ వరుసైన ఒకాయన అన్నారు. ఆడది కాబట్టే నష్టం ఎక్కువ మామా! దుప్పికైనా, కడితికైనా కొమ్ములుండేది మగదానికే. ఆడది ఏడెనిమిది నెలలు మోసి మామూలుగా ఒక్క పిల్లనే ఈనుతుంది. దాన్ని కొడితే కడుపులో పిల్లో, పొదలో పాలకోసం చూసే పిల్లో దాంతోపాటే పోతుంది.

"అమెరికాలో కొట్టి, ఇంట్లోనే కోసి ఫ్రీజర్లో పెట్టుకుంటారంట" అని ఇంకొందరి వాదన. నిజమే. అక్కడ చాలాచోట్ల తోడేళ్లలాంటివి లేకుండా పోయి జింకలు మితిమీరి పెరిగాయి. అందుకే ఎన్ని ఆడ జింకలను కొట్టొచ్చో ప్రభుత్వమే లెక్కగట్టి అనుమతి ఇస్తుంది. మన దగ్గర అట్లా కాదు. 2014లో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో 504 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ చిరుతలు, రేచుకుక్కలు ఉన్నాయి. వాటి తిండిని మనం తినేస్తే, అవి మన మేకల దొడ్డికి రాక ఎక్కడికి పోతాయి?

"తాతల కాలం నుంచి ఉన్నదే" అంటారు. తాతల కాలంలో అడవి ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తుపాకితో కొట్టడమే కాదు, ఉచ్చు వేయడం కూడా వేటే. మాంసం ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. మొదటి షెడ్యూలు జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. 1998 నాటి కృష్ణజింకల కేసులో సల్మాన్ ఖాన్‌కే 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆయనకు పెద్ద లాయర్లున్నారు, బెయిలు వచ్చింది. కూలికి పోయే నాన్న జైలుకెళ్తే ఆ ఇంట్లో పిల్లల బడి ఫీజు ఎవరు కడతారు?

ఉచ్చుకు, కరెంటు తీగకు కళ్లుండవు. 2023 మార్చిలో మన మారండహళ్లి దగ్గర పొలానికి వేసిన దొంగ కరెంటు కంచె తగిలి మూడు ఆడ ఏనుగులు చనిపోయాయి. జింకకోసం వేసిన తీగ రేపు పొద్దున పొలానికి పోయే మనిషినీ పట్టుకుంటుంది.

"అడవి మాంసం ఒంటికి మంచిది" అనేది చివరి మాట. కసాయి కొట్టంలోనైతే పశువుల డాక్టరు చూడాలని రూలుంది. అర్ధరాత్రి వంకలో కోసినదాన్ని ఎవరు చూశారు? నాటు తుపాకి సీసపు గుండ్ల తునకలు మాంసంలో కలిసిపోతాయి, కంటికి కనిపించవు. సీసం పిల్లల మెదడుకు విషం.

జింకలు పంట మేస్తే రైతుకు కష్టమే, కాదనను. దానికి అటవీశాఖను నష్టపరిహారం అడగాలి, పదిమంది కలిసి గట్టిగా అడగాలి. అంతేగాని తునకలు ఎండబెట్టుకోవడం దానికి జవాబు కాదు.

తోటి విద్యార్థులారా, కొట్టేవాణ్ణి ఆపే బలం మనకు లేదు. కానీ ఆ కూర మన పళ్లెంలోకి వచ్చినప్పుడు "నాకొద్దమ్మా" అనే నోరు మనకుంది. తినేవాళ్లు లేకపోతే కొట్టేవాళ్లూ ఉండరు.