కొండమీద అతిథిమర్యాద

అరకులోయ వెళ్ళివచ్చిన వారిని "ఏమేం చూశారండీ?" అని అడిగి చూడండి. రైలు సొరంగాలు, బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, కాఫీ, రాత్రి నెగడు దగ్గర థింసా నాట్యం అంటూ ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతారు. మనుషుల్ని చూశారా అంటే మాత్రం, "ఆ నాట్యం చేసినవాళ్ళని చూశాంగా" అంటారు!

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడొకాయన చైత్రమాసంలో సకుటుంబంగా వెళ్ళి, మండిపడుతూ తిరిగివచ్చారు. దారిలో నాలుగు చోట్ల ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని, కారు ఆపి డబ్బులడిగారట. "పట్టపగలు దారిదోపిడీ మాస్టారూ!" అన్నారాయన.

దోపిడీ కాదు మహాప్రభో, అది ఇటుకల పండుగ. ఆ రోజుల్లో విత్తనాలకు పూజ చేస్తారు. మగవాళ్ళు వేటకి పోతారు. దారి మీద పెత్తనం ఆడవాళ్ళది. వచ్చినవాడు కలెక్టరైనా కాంట్రాక్టరైనా 'పజోరు' చెల్లించి కదలాల్సిందే. కొత్త దంపతులు గడప దాటబోతుంటే ఆడపడుచు అడ్డం నిలబడి, పేర్లు చెప్పించి, కట్నం గుంజితే మనం నవ్వుతూ ఇవ్వటం లేదూ?

తమాషా యేమిటంటే, ఇదే పెద్దమనిషి ఆ రాత్రి బసలో నోట్లు లెక్కపెట్టి ఇచ్చి మరీ థింసా ఆడించుకు చూశారు. పండుగలకీ పెళ్ళిళ్ళకీ ఊళ్ళో తమకోసం తాము ఆడుకునే ఆట అది. ఆడవాళ్ళు ఒకరి వెనకగా ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా నిలబడతారు. మగవాళ్ళు డప్పు, తుడుము, మోరి అందుకుంటారు. అడుగు మెల్లగా మొదలై, ఆ వరస పాములా మెలి తిరుగుతుంది. బోడ థింసా గ్రామదేవత కొలువుకి. పొత్తర్ తోలలో ఆకులు కోసే వాటం. బాగ్ థింసాలో పులి నుంచి తప్పించుకునే తీరు. బసలో మనకి దక్కేది అరగంట ముక్క. తర్వాత వాళ్ళ మధ్య దూరి ఫోటో!

అసలు అక్కడ ఇల్లెవరిది, అతిథి ఎవరు? ఆ రైలుమార్గాన్ని కూడా 1960లలో వేసింది మన విహారానికి కాదు, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి. అద్దాల పెట్టె వచ్చింది 2017లో. బొర్రా పరిసరాల్లో, అనంతగిరి మండలంలో, గనులు తవ్వుకోమని బయటివారికి లీజులిచ్చారు. 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వరాదని. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో మరింత బిగించారు. అందులోని 'వ్యక్తి' అనే మాటకి ప్రభుత్వం కూడా వస్తుందన్నది తీర్పులోని కీలకం. మాటల అర్థాలు చెప్పి బ్రతికే నాబోటివాడికి ఇంతకంటే సంతోషం ఏముంటుంది? ఒక్క మాటకి సరైన అర్థం చెబితే కొండలు నిలబడ్డాయి!

ఇదంతా మిత్రుడికి చెప్పాను. "అలాగా!" అన్నారు గాని, ఆ నాలుగు చోట్లా కలిపి ఎంతయిందో ఇంకా మరిచిపోలేదు. చైత్రంలో వెళ్ళేవారు జేబులో కాస్త చిల్లర ఉంచుకోండి. రశీదు మాత్రం అడక్కండి.