బొమ్మకు ఊరూ పేరూ అక్కరలేదా?

ఛాయాచిత్రకారుల్లో ఒక మాట బాగా చెలామణీలో ఉంది: "బొమ్మే మాట్లాడాలి, పక్కన రాతలెందుకు?" అని. వినడానికి ఎంతో హుందాగా ఉంటుంది. నా మట్టుకు నాకు అది బద్ధకానికి తొడిగిన పట్టుచొక్కాలా కనిపిస్తుంది. ఈ టపా ఆ మాట మీద నా అభ్యంతరపత్రం.

మనవాళ్లు తమ ఛాయాచిత్రాల కోసం జాలంలో కట్టుకున్న గూళ్లను చాలాకాలంగా చూస్తున్నాను. బొమ్మలు తీయడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. కెమెరాల గురించీ లెన్సుల గురించీ తెల్లవార్లూ చర్చించగలరు. తీరా తమ పనిని ఒకచోట పేర్చి నలుగురికీ చూపించవలసి వచ్చేసరికి చేసేదేమిటి? ఐదువందల బొమ్మలు కుమ్మరిస్తారు. "ప్రకృతి", "మనుషులు", "ఇతరాలు" అని మూడు అరలు కడతారు. ప్రతి బొమ్మ నడినెత్తినా తమ పేరు మాత్రం పెద్దపెద్ద అక్షరాలతో గుద్దుతారు. బొమ్మలోని మనిషి ఎవరో ఉండదు, ఏ ఊరో ఉండదు, ఏ సంవత్సరమో ఉండదు. తీసినవారి పేరు తప్ప తక్కినదంతా అనామకమే! దీనిని పోర్ట్‌ఫోలియో అనడం సామాన్ల కొట్టును ప్రదర్శనశాల అనడం వంటిదే.

గోదావరినే తీసుకోండి. పాపికొండల దారిలో పడవ మీదనుంచి తీసిన బొమ్మలు జాలంలో కోకొల్లలు. అన్నిటి కిందా ఒకటే మాట: "గోదావరి అందాలు". పోలవరం కాఫర్‌డ్యామ్ వెనుక నిలిచిన వరదనీరు 2019లోనూ, తిరిగి 2021లోనూ దేవీపట్నం మండలంలోని ఊళ్లను ముంచెత్తింది. తరాలుగా ఆ గట్టున బతికినవారు ఇళ్లు విడిచి వెళ్లవలసివచ్చింది. వారిలో ఒక పెద్దాయన పునరావాస కాలనీలో కూర్చుని, తన ఊరి రేవు ఎలా ఉండేదో మనవడికి చూపించాలనుకున్నాడనుకోండి. ఊరి పేరు కొట్టి వెతికిస్తాడు. ఆ రేవు బొమ్మ మనలో ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది. కాని "గోదావరి అందాలు" అన్న వేల బొమ్మల్లో తన రేవు ఏదో అతనికి చెప్పేదెవరు? ఊరి పేరు, సంవత్సరం అని రెండే రెండు మాటలు ఆనాడు రాసి ఉంటే ఆ బొమ్మ అతని చేతికి అందేది. రాయనందువల్ల అందం మిగిలింది, సాక్ష్యం పోయింది.

మనుషుల బొమ్మల సంగతి మరీ అన్యాయం. అరకు లోయకు వెళ్లి ఒక వృద్ధురాలి ముఖాన్ని దగ్గరగా తీసి "గిరిజన సౌందర్యం" అని పేరు పెడతారు. ఆమెకు పేరు లేదా? అదే కెమెరా పట్నంలో ఒక సంగీత విద్వాంసుని ముందు నిలిపినప్పుడు "నాగరిక సౌందర్యం" అని రాస్తారా? రాయరు. ఆయన పేరు, కచేరీ జరిగిన చోటు, తేదీ పూసగుచ్చినట్టు రాస్తారు. పేరు ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అన్న నిర్ణయం మన పేజీల్లో తెలియకుండానే జరిగిపోతున్నది. అడిగి, అనుమతి పొంది, ఆమె ఒప్పుకుంటే పేరు రాయడం ఉపకారమేమీ కాదు, కనీస మర్యాద.

"మాటలు కళను చెడగొడతాయి" అనేవారికి రాబర్ట్ ఫ్రాంక్‌ను గుర్తుచేస్తాను. 1955, 56 సంవత్సరాల్లో అమెరికా అంతటా తిరిగి ఆయన తీసినవి 20,000కు పైమాటే. 1958లో పారిస్‌లో తొలిసారి వెలువడిన 'ది అమెరికన్స్' పుస్తకంలో ఉంచినవి 83. వాటికి ఆయన ఇచ్చిన వ్యాఖ్యలు కూడా క్లుప్తమే: ఏమిటో, ఎక్కడో. ఊరి పేరు చెప్పినందువల్ల ఆ బొమ్మల గాఢత వీసమెత్తు కూడా తగ్గలేదు. వేల బొమ్మలను పక్కన పెట్టగలిగిన ఆ నిగ్రహం ముందు మన ఐదువందల కుమ్మరింపు ఏపాటిది?

అంతదూరం ఎందుకు? సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన బొమ్మల్లో చాలావాటి అడుగున సంఖ్య, స్థలం పేరు కనిపిస్తాయి. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో ఆయన గాజు నెగటివులు 2,857 సేకరించింది. చేయి జారితే పగిలే గాజు మీది బొమ్మలు నూరేళ్ల తరవాత కూడా ఫలానా కోట, ఫలానా మహలు అని చెప్పుకోగలుగుతున్నాయి. మన హార్డుడిస్కుల్లోని బొమ్మలు పదేళ్లకే నోరు లేనివైపోతున్నాయి.

ఇక రెండవ వాదం: "ఫేస్‌బుక్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఉంది, వేరే చోటెందుకు?" చరిత్ర చూడండి. పటం మీద స్థలాల వారీగా బొమ్మలు పెట్టుకొనే పానొరామియో 2016లో మూతపడింది. అదే ఏడాది పికాసా వెబ్ ఆల్బములు పోయాయి. 2019లో గూగుల్ ప్లస్ పోయింది. ఉచిత ఖాతాలకు 1,000 బొమ్మలే పరిమితి అని ఫ్లికర్ 2018లో ప్రకటించింది. పైగా బొమ్మ ఫైలులో పొదిగి పెట్టిన వివరాలను చాలా సామాజిక మాధ్యమాలు తుడిచేస్తాయి. వరుస మీ చేతిలో ఉండదు, ఏది ముందు కనబడాలో యంత్రం నిర్ణయిస్తుంది.

పెళ్లి ఫొటోలతో కుటుంబాన్ని పోషించుకొనేవారికి అక్కడినుంచే బేరాలు వస్తాయన్నది నిజం. అక్కడ పెట్టవద్దని నేను అనడం లేదు. సంతలో కొట్టు పెట్టుకోండి, ఇల్లు మాత్రం సంతలో కట్టుకోకండి. సొంత డొమైను ఒకటి ఉంటే, రేపు స్థలం ఇచ్చేవాడు మారినా చిరునామా మారదు.

కనుక నేను కోరేది పెద్దదేమీ కాదు. ఐదువందలు కాదు, ఇరవైనాలుగు బొమ్మలు చాలు. ఒక్కొక్కదాని కింద ఊరు, నెల, సంవత్సరం, సాధ్యమైతే మనిషి పేరు, ఆపైన రెండు వాక్యాలు తెలుగులో. అవే మాటలను ఫైలు లోపల కూడా పొదగండి, ఎవరూ తుడిచేయనంతవరకు బొమ్మ వెంటే పోతాయి. చూపు లేనివారి కోసం బొమ్మలో ఏముందో ఒక వాక్యం విడిగా చేర్చండి, వారి కంప్యూటరు దాన్ని చదివి వినిపిస్తుంది. అసలు ఫైళ్లను రెండు వేరువేరు చోట్ల దాచండి. నెత్తిన గుద్దే ఆ పేరును మూలకు జరపండి, మీ చూపు మీద మీకు నమ్మకం ఉంటే అసలు తీసేయండి.

బొమ్మ మాట్లాడుతుంది, కాదనను. కాని తనది ఏ ఊరో అది ఎన్నటికీ చెప్పలేదు. ఆ మాట తెలిసినది తీసినవారికే. వారే నోరు మూసుకుంటే ఇక చెప్పేవారెవరు?

మీ అభ్యంతరాలేమైనా ఉంటే చెప్పండి, వాదనకు సిద్ధంగా ఉన్నాను. ముందుగా మాత్రం మీ పేజీ తెరిచి, మొదటి పది బొమ్మలు ఏ ఊరివో రాసి రండి.